ట్రంకు పెట్టె మీద అద్దం

హౌరా పక్కన మా లిలువాలోని క్యారేజీ అండ్ వ్యాగన్ వర్క్‌షాపు 1900లో, ఈస్టిండియన్ రైల్వే రోజుల్లో పెట్టినది. అరిగి, తుప్పుపట్టి వచ్చిన బోగీని అక్కడ విప్పి, పాడైన భాగాన్ని తీసేసి, కొత్తది బిగించి మళ్లీ పట్టాల మీదికి పంపుతారు. రైల్వేవాళ్లు దాన్ని పీఓహెచ్ (పీరియాడిక్ ఓవర్‌హాలింగ్) అంటారు. అలా బయటికి వచ్చిన బోగీని ఎవరూ పురాతన వస్తువని అనరు, అది సర్వీసులో ఉన్న బండి, అంతే. కొత్త ఫ్లాటులో పాతకాలపు సామాను, ఇప్పుడు అందరి నోటా నానుతున్న ఆ 'రెట్రో', ఎంతవరకు పెట్టుకోవచ్చని ఎవరైనా అడిగితే నేను ఈ ఊరి కొలతే వాడతాను. ఆ వస్తువు ఇంకా డ్యూటీ చేస్తోందా? చెడితే బాగుచేసుకోవడానికి వీలుందా? ఈ రెండిటికీ జవాబు లేని సామాను ఎంత అందంగా ఉన్నా, రెండేళ్లలో అటక ఎక్కుతుంది.

ఖొర్‌ఖొరి సంగతి చూడండి. కలకత్తా పాత ఇళ్లలో, గంగకి ఇవతల హౌరా సందుల్లో మిగిలిన కొన్నిట్లో కనిపించే చెక్క కిటికీ అది. రెక్క నిండా పలచటి పలకలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి వాలి ఉంటాయి. వాటన్నిటినీ కలుపుతూ నిలువుగా ఒక సన్న కర్ర. కర్రని కదిపితే పలకలన్నీ ఒక్కసారే విచ్చుకుంటాయి, మళ్లీ కదిపితే మూసుకుంటాయి. గాలి వస్తుంది, జల్లు రాదు. లోపలివాళ్లకి వీధి కనిపిస్తుంది, వీధికి లోపలివాళ్లు కనిపించరు. మనవాళ్లకి ఇదేమీ వింత కాదు. మద్రాసు మెయిల్లో స్లీపరు క్లాసు ఎక్కినవాళ్లంతా రాత్రిపూట కిటికీకి దించుకున్న రేకు షట్టరుదీ ఇదే ఉపాయం, కాకపోతే దాని పలకలు కదలవు. ఇప్పటి ఫ్లాట్లలో పెడుతున్న స్లైడింగు కిటికీ ఎంత తోసినా సగమే తెరుచుకుంటుంది, వాన మొదలవగానే ఆ సగమూ మూసెయ్యాలి. జూలై నెల ఉక్కలో అది ఎంత సుఖమో ఈ గంగ ఒడ్డున ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పలకల్లో దుమ్ము చేరుతుంది, దోమలొస్తాయి, ఏసీ చలవ నిలవదు అంటారు. మూడూ నిజమే. అందుకని దోమతెర లోపలివైపు కొట్టించుకోవాలి, ఏసీ గది జోలికి పోకుండా బాల్కనీకీ వంటింటికీ పెట్టుకోవాలి. దుమ్ము మాత్రం తుడుచుకోవాల్సిందే. ఒక పలక విరిగితే వడ్రంగి ఆ ఒక్క పలకే మార్చి వెళ్లిపోతాడు.

వీటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఎవరి పాతకాలాన్ని ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం? ఖొర్‌ఖొరి వెనక నిలబడ్డది ఎక్కువగా గడప దాటనివ్వని ఆడవాళ్లు. సత్యజిత్ రాయ్ తీసిన 'చారులత' (1964) మొదట్లో నాయిక చారు ఒక్కో కిటికీ దగ్గరికీ నడిచి, పలకల సందుల్లోంచి వీధిని చూస్తుంది. చిత్రమేమంటే మనం బెంగాలీ బాబుల ఇల్లంటే ఇలా ఉండేదని నమ్మే ఆ గదులు కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త స్టూడియోలో వేసిన సెట్టు. అంటే మనం ముచ్చటపడే పాతకాలంలో సగం ఎవరో ఏర్చి కూర్చి చూపించినదే. ఈ అభ్యంతరాన్ని నేను కొట్టిపారెయ్యను. జమీందారీ దర్జా కోసం సింహాసనం లాంటి సోఫా, వేలాడే దీపాల గుత్తి, అయిదో అంతస్తులో ఆకాశం లేని మండువా తెచ్చుకోవడం నాకూ వెగటే. కానీ ఆ తప్పు చెక్క పలకది కాదు. తలుపు తీసుకుని బయటికి వెళ్లగలిగే ఆడమనిషికి అదే కిటికీ ఉత్త గాలికోసమే.

కుర్చీల విషయంలో మన దేశమే పెద్ద పాఠం నేర్చుకుంది. చండీగఢ్ ఆఫీసుల కోసం 1950ల్లో ఆర్కిటెక్టు పియర్ జానరే బృందం టేకుతో, పేముతో కుర్చీలు చేయించింది. పేము తెగి, కాళ్లు వదులైనవాటిని తుక్కు కింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు కొనుక్కెళ్లి, బాగుచేయించి, యూరప్ వేలాల్లో లక్షలకి అమ్ముకున్నారు. వాటికి కావలసింది పేము అల్లే మనిషి ఒక్కడే. పాత ఫ్యాన్లూ అంతే. వైండింగు చేయించి, బేరింగు మార్చితే ఇంకో ఇరవయ్యేళ్లు తిరుగుతాయి. ఉషా ఫ్యాన్లు చేసిన జయ్ ఇంజనీరింగ్ వారి స్థలంలోనే ఇప్పుడు కలకత్తా సౌత్ సిటీ టవర్లూ మాలూ ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇక్కడ నా కొలత నాకే ఎదురు తిరిగే చోటు కూడా ఉంది. ఎర్ర ఆక్సైడు గచ్చంటే నాకు మహా ఇష్టం. అతుకుల్లేకుండా, నల్లంచుతో, ఏళ్ల తరబడి పాదాలు తగిలి నిగనిగలాడే ఆ నేల ముందు ఏ టైల్సూ ఆనవు. కానీ అది బీటవారితే అతుకు కనిపించకుండా పూడ్చడం దాదాపు అసాధ్యం, కొత్త ఎరుపు పాత ఎరుపులో కలవదు. కాబట్టి ఫ్లాటుకి నేను సిఫారసు చెయ్యను. అచ్చులో నొక్కి చేసే రంగుల సిమెంటు టైల్సు నయం. స్వదేశీ ఉత్సాహంతో 1922లో బొంబాయిలో మొదలైన భారత్ ఫ్లోరింగ్స్ అండ్ టైల్స్ ఇవాళ్టికీ అవి చేస్తోంది. నాలుగు అదనంగా కొని దాచుకుంటే, పగిలినది ఒక్కటే తీసి మార్చుకోవచ్చు. అలమర అరలకి కడప బండ ఉండనే ఉంది.

ఇక్కడి తెలుగువాళ్లది ఎలాగూ మండువా లోగిళ్ల చరిత్ర కాదు. టీటాగఢ్ జనపనార మిల్లులకీ, ఖరగ్‌పూర్ రైల్వేకీ వచ్చినవాళ్లు ఒంటి గదుల లైన్లలో కాపురాలు పెట్టారు. నవారు మంచం, గోడకి దేవుడి పటాలు, మంచం కింద పేరు రాసిన ట్రంకు పెట్టె. మన రెట్రో ఏదంటే నేను ఆ ట్రంకునే చూపిస్తాను. అలంకరణ పుస్తకాలకీ అది నచ్చింది, కాకపోతే పైన మందపాటి అద్దం బిగించి టీపాయి చేసెయ్యమంటాయి. బిగిస్తే మూత లేవదు. ఫిబ్రవరి చివర లేపులు, అదే రజాయిలు, ఎండబెట్టి, కలరా ఉండలు వేసి మడత పెట్టాక ఎక్కడ దాస్తారు మరి?