సెలవుల్లో ఉరుకుడు

వేసవి సెలవులు దగ్గరికి వస్తున్నాయి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు గ్రౌండులో నన్ను పట్టుకొని, "అక్కా, ఇంటికి పోతే ప్రాక్టీసు ఎట్లా చేస్తావు, అక్కడ గ్రౌండు ఉండదు గదా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పేకంటే ఒక్కసారి రాసేది మేలని రాస్తున్నాను. నేను పరిగెత్తేది 3000 మీటర్లు. మన గ్రౌండులో సున్నంతో గీసిన గీత 200 మీటర్లు కాబట్టి 15 చుట్లు. పెద్ద స్టేడియంలో ట్రాకు 400 మీటర్లు, అక్కడ ఏడున్నర చుట్లే. మా చెంచుగూడెంలో పరుగు అనే మాట తక్కువ, ఉరుకుడు అంటారు. అందుకే పైన పేరు అట్ల పెట్టినాను. తెలుగు టీచరు చూసి నవ్వినారు గాని కొట్టేయలేదు.

దసరా, సంక్రాంతి, వేసవి అన్నీ కలిపితే మనం ఏడాదిలో రెండు నెలలకు పైగా ఇంటికాడనే ఉంటాము. అన్ని దినాలు ఊరికే కూర్చుంటే ఏమవుతుందో పీఈటీ టీచరు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినారు. రెండు వారాలు పూర్తిగా మానేస్తే నెత్తురులో ఉండే నీరు తగ్గుతుంది. అప్పుడు గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి పోయే నెత్తురు కూడా తగ్గుతుంది. అదే పరుగుకు గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది, అందుకే దమ్ము వస్తుంది. కాళ్ళు బాగానే ఉంటాయి, ఊపిరే చాలదు. అయితే వారానికి మూడు రోజులు పరిగెత్తినా చాలావరకు నిలబడుతుందంట. ఆ మూడింటిలో ఒకరోజు మాత్రం గట్టిగా పరిగెత్తాలి. మూడు రోజులూ మెల్లగా పోయి వస్తే లాభం తక్కువ.

తగ్గిందో లేదో తెలుసుకునేదానికి ఒక ఉపాయం ఉంది. పొద్దున మెలకువ వచ్చినాక లేవకుండా పడుకొనే మణికట్టు పట్టుకోండి. 15 సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నాకు 64 వస్తుంది. ఇంటికాడ గడియారం లేదు, నాయన బటన్ల ఫోనులో సెకండ్లు చూస్తాను. వారం పది దినాల తర్వాత అది 70 దాటిందంటే దమ్ము తగ్గుతున్నట్టు, లేకుంటే జ్వరమో అలుపో ఉన్నట్టు. ఆ రోజు నేను పరిగెత్తను, నడుస్తాను.

ఇంక ప్రయాణం సంగతి. డిసెంబరులో కడపలో పోటీలకు పోయినాము. నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు దాటి పోవాలి. ఆళ్ళగడ్డ రాంగానే నేను కిటికీలోంచి అహోబిలం దిక్కు చూసి దండం పెట్టుకున్నాను. నరసింహస్వామి మా చెంచుల ఆడబిడ్డను పెళ్ళి చేసుకున్నాడని మావాళ్ళు ఆయన్ను అల్లుడు అంటారు. కనుమ పండగనాడు పారువేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా పల్లకిలో ఊరూరూ తిరుగుతాడు. స్వామికి బోయీలు ఉన్నారు, మాకు పల్లెవెలుగు ఉంది.

బస్సులో ఆడపిల్లలు ఏం చేస్తారో మీకు తెలుసు. నీళ్ళు తాగరు. మధ్యలో దిగేదానికి ఉండదని, బస్టాండులో మరుగుదొడ్డి బాగుండదని నోరు కట్టుకొని కూర్చుంటారు. ఒంట్లో నీళ్ళు తగ్గితే మరుసటి రోజు పరుగులో తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. కడపలో శీతాకాలం కూడా పదకొండు గంటలకే ఎండ నెత్తిన కూర్చుంటుంది. మా సీనియర్ అక్క పోయిన ఏడు చెప్పిన మాట మేము విన్నాము. గంటకు ఒక గ్లాసెడు, కొంచెం కొంచెంగా తాగినాము. ఒక ఊరి బస్టాండులో దిగితే మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. నేను, నా జతగత్తె వంతులవారీగా తలుపు పట్టుకొని నిలబడినాము. సిగ్గుపడేది ఏముంది? తలుపుకు గడియ పెట్టనివాళ్ళు పడాలి సిగ్గు.

బస్సు ఆగిన చోటల్లా దిగి నడవాలి. ఇది నేను బడిలో నేర్చుకోలేదు. ఉగాదికి ముందు కన్నడంవాళ్ళు శ్రీశైలానికి నడిచిపోతారు గదా, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీద అడవిదారిలో. వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా జేజినాయన వాళ్ళకు నీళ్ళు పోస్తా ఉంటే నేనూ పోయినాను. ఒక ముసలవ్వ చెట్టు కింద నిలబడే మజ్జిగ తాగింది. కూర్చో అవ్వా అంటే, కూర్చుంటే మళ్ళీ కాళ్ళు లేయవు అని కన్నడంలో అన్నదంట, జేజినాయన చెప్పినాడు. అరికాళ్ళకు టెంకాయ నూనె రాసుకొని పోయింది. ఆమెకు కోచి ఎవరు?

ఆ పోటీకి మా అమ్మ కూడా వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు గదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. లేకుంటే కూలి పోగొట్టుకొని, చార్జీ పెట్టుకొని అంతదూరం యాడ వస్తుంది. నేను పరిగెత్తేది అమ్మ చూడడం అదే మొదలు. అయిపోయినాక నన్ను అడిగిన మొదటి మాట, "ఏమ్మే, ఏడుసార్లు తిరిగి తిరిగి మళ్ళా ఆడికే వస్తిరి, ఇంతకూ యాడికి పోవల్లని?" అని. అందరూ నవ్వినారు. అమ్మ నవ్వలేదు, నిజంగానే అడిగింది. ఆరోజు నా జతగత్తె రెండో స్థానం, నేను నాలుగు. మొదటి ముగ్గురు పై పోటీకి పోతారు.

అమ్మకు అప్పుడు నేను చెప్పలేకపోయినాను. తర్వాత సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు కవితా రౌత్ కథ చెప్పినాను. ఆమెది మహారాష్ట్రలో నాసిక్ జిల్లా, సావర్‌పాడా అనే ఆదివాసీ ఊరు. చిన్నప్పుడు నీళ్ళకు దూరం నడిచేది, చెప్పులు లేకుండా పరిగెత్తేది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ పోటీల్లో 10,000 మీటర్లకు కంచు పతకం, అదే ఏడాది చైనాలో ఆసియా క్రీడల్లో వెండి పతకం తెచ్చింది. 2016లో రియో ఒలింపిక్స్‌లో మారథాన్ కూడా పరిగెత్తింది. 10,000 అంటే ఆ ట్రాకులో 25 చుట్లు. అమ్మ అంతా విని, "ఆ పాపకు నీళ్ళు మోసే పని తప్పిందా లేదా?" అన్నది. తప్పింది అన్నాను. "సరే, అయితే ఉరుకు" అన్నది.

మా గూడెం బైర్లూటి దిక్కు అడవిలో ఉంది. 2022లో మాది నంద్యాల జిల్లా అయింది. అవ్వ మాత్రం ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే చెప్తుంది. టీచరు రాసిచ్చిన కాగితంలో తెల్లవారి 5 గంటలకు పరిగెత్తాలని ఉంది. అవ్వ ఒప్పుకోలేదు. "అరచేతి గీతలు కనపడేదాకా గడప దాటొద్దు. ఎలుగ్గొడ్డుకు మీ టీచరు కాగితం చదవడం రాదు" అన్నది. అవ్వ చెప్పిందే నిజం. ముఖ్యంగా ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలుతాయి. వాటికోసం ఎలుగుబంట్లు చీకటితోనే చెట్ల కిందికి వస్తాయి. మనుషులూ పూలు ఏరేదానికి అప్పుడే పోతారు, అట్ల గాయాలైనవాళ్ళు మావాళ్ళల్లో ఉన్నారు. అందుకని నేను వెలుతురు వచ్చినాకే బయలుదేరుతాను. అడవి లోపలికి పోను, రోడ్డు మీదనే పోతాను. మా మూడు కుక్కలు వెంట వస్తాయి. మొదటి కిలోమీటరు అవి నాకంటే ముందు ఉంటాయి, మూడో కిలోమీటరులో ఒకటే మిగులుతుంది. దాని పేరు నల్లోడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు ఉన్నాయి కాబట్టి టేపుతో కొలిచే పని లేదు. రెండు రాళ్ళు పోయి రెండు రాళ్ళు వస్తే 4000 మీటర్లు.

బూట్లు గురించి చాలామంది అడుగుతారు. అబెబె బికిలా అనే ఇథియోపియా ఆయన 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ వట్టి కాళ్ళతో పరిగెత్తి గెలిచినాడు. కాని 1964లో టోక్యోలో ఆయనే బూట్లు వేసుకొని మళ్ళీ గెలిచినాడు, ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు. మా దిక్కు పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఎక్కువ. ముల్లు విరిగి లోపల ఉండిపోతే పది దినాలు పోతాయి. కాన్వాసు బూట్లు ఒక్క జతే ఉన్నవాళ్ళు వాటిని ఇంటికి తీసుకుపోండి, ఇక్కడ పెట్టెలో పెట్టి పోవద్దు.

ఇంటికాడ పని ఉంటుంది. కట్టెలు, నీళ్ళు, తమ్ముణ్ణి ఎత్తుకోవడం. అదే కసరత్తు గదా అంటారు పెద్దవాళ్ళు. కాదు. కట్టెల మోపు మోస్తే నడుముకు, మెడకు బలం వస్తుందేమో గాని దమ్ముకు కావాల్సింది వేరు. పైగా పని చేసి అలిసిపోయినాక పరిగెత్తితే రెండూ సరిగా కావు. పొద్దున ముందు ఉరుకుడు, తర్వాత పని అని అమ్మతో ఒప్పందం చేసుకున్నాను. సాయంత్రం మొత్తం అమ్మది. మా మేనత్త మాత్రం చూసి, "ఎదిగిన పిల్ల రోడ్డు మీద ఉరికితే ఎవురు చేసుకుంటారు" అన్నది. ఆమెకు ఒక కొడుకు ఉన్నాడు, ఆ మాట యాడికి పోతుందో నాకు తెలుసు. అమ్మ జొన్నరొట్టె తడుతూనే, "పద్దెనిమిదేండ్లు నిండేదాకా ఆ మాట మా ఇంట్లో ఎత్తొద్దు వదినా" అన్నది. కడపకు రాకముందు అమ్మ అట్ల అనేది కాదు.

టీచరు ఇచ్చే ఐరన్ మాత్రలు, వారానికి ఒకటి, నీలం రంగువి, సెలవులకు సరిపడా అడిగి తీసుకోండి. అన్నం తిన్నాక వేసుకోండి. నెత్తురు తక్కువైతే ఎంత ప్రాక్టీసు చేసినా దమ్ము రాదు. దాని గురించి ఇంతే చాలు, మన గోడ మీదనే వేరే చార్టు ఉంది.

ఇప్పుడు నా జతగత్తె సంగతి. ఆమెది పత్తికొండ దిక్కు సుగాలి తండా. సంక్రాంతి అయిపోయి నేను బడికి వచ్చినాను, ఆమె రాలేదు. ఆ ఏడు వాన సరిగా లేక వాళ్ళింట్లో అందరూ గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోయినారు. తండాలో ముసలివాళ్ళు కూడా లేరు, చంటిపిల్లను ఎవరు చూస్తారని ఈమెను కూడా తీసుకుపోయినారు. వాళ్ళ నాయనను నేను తప్పు పట్టను. చేను ఎండితే తిండి యాడనుంచి వస్తుంది. కాని వాళ్ళు పోయినది జనవరి, పై పోటీ కూడా జనవరిలోనే. ఆమె పేరు మీద ఉన్న చోటు నాలుగో స్థానం వచ్చిన నాకు ఇచ్చినారు. నేను పోయినాను, ఆరో స్థానం వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. సంతోషమా అంటే, పరిగెత్తేటప్పుడు సంతోషమే. గీత దగ్గర నిలబడి పేరు పిలిచేటప్పుడు మాత్రం కాదు.

ఆదివారం ఆమె వాళ్ళ నాయన ఫోను నుంచి మాట్లాడుతుంది. సాయంత్రం కోతలు అయినాక కాలువ కట్ట మీద పరిగెత్తుతుందంట. పగలంతా మిరపకాయల ఘాటుకు గొంతు మండుతుంది, దగ్గు వస్తుంది, అందుకని మొదట పది నిమిషాలు నడిచి, ముఖం కాళ్ళు కడుక్కొని, తర్వాతే మొదలుపెడుతుంది. చంటిపిల్లను గట్టు మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టి, ఆ పిల్ల కనపడేంత దూరమే పోయి వస్తుంది. ఎంత దూరం అంటే, "రెండు కరెంటు స్తంభాల మధ్య, నలభైసార్లు" అన్నది. నేను అడవిలో కిలోమీటరు రాళ్ళు లెక్కపెడుతున్నాను, ఆమె స్తంభాలు లెక్కపెడుతోంది. ఆమె దమ్మే నాకంటే బాగుందేమో అని నా అనుమానం.

ఏప్రిల్‌లో పరీక్షలకు వస్తానన్నది. వాళ్ళ నాయన కూడా ఫోను తీసుకొని, పంపిస్తానమ్మా అన్నాడు. నేను ఆమెకోసం నోట్సు రాస్తున్నాను. సైన్సు, సోషలు అయినాయి, లెక్కలు సగం మిగిలినాయి. లెక్కల్లో మంచివాళ్ళు ఎవరైనా ఆ సగం రాసిస్తే మేలు.

వేసవిలో నంద్యాల, కర్నూలులో 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అందుకని మా గూడెంలో నాకు దొరికేది ఒక్క గంటే. అయిదున్నరకు వెలుతురు, ఆరున్నరకు ఎండ. ముందు ఎలుగుబంటి, వెనక సూర్యుడు. మీ ఊర్లో ఎలుగుబంట్లు లేకపోతే మీకు ఇంకో గంట ఎక్కువ ఉన్నట్టే. వారానికి మూడు రోజుల ప్రాక్టీసు కాగితం నా దగ్గర ఉంది. కావాల్సినవాళ్ళు శనివారం ఆటల పీరియడులో చేతిపంపు దగ్గరికి రండి, ఎవరి పుస్తకం పెన్నూ వాళ్ళు తెచ్చుకోండి.

– 9వ తరగతి, 'ఎ' సెక్షను