ఆరు నెలల వీసా, అయిదు నెలల తోట

మార్చి నెల వచ్చిందంటే న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఎన్నో తెలుగువాళ్ళ ఇళ్ళలో బేస్‌మెంట్ దీపాలు రోజంతా వెలుగుతూనే ఉంటాయి. బయట మంచు ఇంకా పూర్తిగా కరగదు. లోపల ఎల్.ఇ.డి. బల్బుల కింద చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో వంగ, మిరప, టమాటా నారు లేస్తుంటుంది. వంగకూ మిరపకూ మట్టి పాతిక డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటేనే మొలక చురుగ్గా వస్తుంది. అందుకని కప్పుల కింద కరెంటుతో వేడెక్కే పట్టా ఒకటి పరుస్తారు. సొర, బీర, కాకర గింజల పని తరవాత. పెంకు గట్టిది కాబట్టి వాటిని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి వెచ్చని చోట పెడతారు. అదీ ఏప్రిల్ సగం గడిచాకే.

మే నెల రెండో ఆదివారం, అంటే మదర్స్ డే, దాటితేగానీ నారు నేలలో పెట్టొద్దని అక్కడ తోట వేసేవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఈలోపు తొందరపడితే ఒక్క రాత్రి పడిన గడ్డకట్టే మంచుకు, అంటే ఫ్రాస్ట్‌కి రెండు నెలల శ్రమ నల్లబడి వాలిపోతుంది. మళ్ళీ అక్టోబరులో ఫ్రాస్ట్ దిగుతుంది. నడుమ దొరికేవి అయిదు నెలలు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలను విజిటర్ వీసా మీద ఒక విడతకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఏప్రిల్ ఆఖరున విమానం దిగినవాళ్ళకు నారు నాటడం మొదలు పాదులు పీకేదాకా తోట మొత్తం చేతికందుతుంది. అమెరికాలో తెలుగువాళ్ళ పెరళ్ళు ఇంత పచ్చగా ఉండటానికి ఈ రెండు గడువులూ కలిసిరావడం పెద్ద కారణం.

ఆ పెద్దవాళ్ళకు అక్కడ మిగతా రోజంతా ఎలా గడుస్తుందో చూస్తే తోట విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కారు నడపలేరు. నడిచి వెళ్ళేంత దూరంలో దుకాణం ఉండదు. కొడుకూ కోడలూ ఆఫీసు పనిలో ఉంటారు. మందులు కావాలన్నా, గుడికి వెళ్ళాలన్నా, టీవీలో తెలుగు చానల్ పెట్టాలన్నా ఇంకొకరిని అడగాలి. పెరట్లో మాత్రం అందరూ వాళ్ళనే అడుగుతారు. "నాన్నా, సొర తీగ తల తుంచమంటారా?" అని కొడుకు అడుగుతాడు. తుంచాలి. తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా పూసేది ఆ కొమ్మల మీదే. ఎప్పుడు తుంచాలో, ఎక్కడ తుంచాలో పొలం చేసిన మనిషి వేళ్ళకు తెలుసు.

కొత్త కాలనీల్లో ఇల్లు కట్టేటప్పుడు యంత్రాలు తిరిగి నేల బిగుసుకుపోతుంది. బంకమట్టిలో పార దిగదు. అందుకే చెక్కపలకలతో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున మడులు కట్టి, మట్టీ కంపోస్టూ కొని నింపుతారు. వెడల్పు నాలుగడుగులు దాటితే రెండు పక్కల నుంచీ చెయ్యి నడిమికి అందదు. రెండు మడుల మధ్య పశువుల దొడ్లకు వాడే పదహారడుగుల ఇనప జాలీని వంచి నిలబెడితే అదే పందిరి. దాని కింద బీరకాయలు వేలాడుతుంటే పిల్లలు అటూ ఇటూ పరుగెడతారు. జింకలు దూకి రాకుండా ఎనిమిదడుగుల వల కట్టాలి. గ్రౌండ్‌హాగ్ అనే జంతువు కన్నం తవ్వుకుని కింది నుంచి వస్తుంది కాబట్టి ఆ వలను నేలలోకి కూడా దించాలి.

అసలు సందడి జులై సాయంత్రాలది. సొర పువ్వు తెల్లనిది, పొద్దువాలే వేళ విచ్చుకుంటుంది. బీర పువ్వూ అంతే. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరిపోతాయి. ఈ పూల మీద పుప్పొడి మోసేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. ఊరి చివరి పాదుల్లో వాటికి కొదవ లేదు గానీ, పచ్చికబయళ్ళూ వీధిదీపాలూ నిండిన కాలనీల్లో అవి పెరటిదాకా వస్తాయన్న నమ్మకం లేదు. రాకపోతే పిందె నాలుగు రోజులు నిలిచి, పచ్చబడి రాలిపోతుంది. ఊళ్ళో ఎన్నడూ పువ్వుకు పువ్వు అద్దే పని చేసి ఎరగని తాతయ్యకు ఇది కొత్త. సంగతి కనిపెట్టి చెప్పేది తరచు మనవలే. మగపువ్వు కోసి, రేకులు వెనక్కి ఒలిచి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి.

"ఆడపువ్వు ఏదో ఎలా తెలుస్తుంది తాతయ్యా?"

"అడుగున చూడు నాన్నా, వేలెడంత సొరకాయ ఉందా? అదే."

చీకటి పడే వేళ ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు అద్దుతారు. నానమ్మ వెనక నిలబడి ఏ పువ్వుకు అయింది, ఏ పువ్వుకు కాలేదు గుర్తుపెట్టుకుంటుంది. పువ్వు అద్దిన కొమ్మకు దారం కట్టే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఉంది. నాలుగు రోజుల తరవాత దారం దగ్గర పిందె ఊరితే ఆ రోజు ఇంట్లో అందరికీ అదే కబురు. తాతయ్యకు తెలిసినదీ మనవడికి తెలిసినదీ కలిస్తేనే కాయ నిలుస్తుంది. అమెరికాలో పెరిగే పిల్లలకు తెలుగు నేర్పడానికి వారాంతపు బడులు ఎన్నో ఉన్నాయి, అవి కావలసినవే. కానీ పిందె, పూత, పాదు, లేత, ముదురు అన్న మాటలు నోట నిలిచేది ఈ పందిరి కిందనే.

జూన్ చివర్లో మరో అతిథి దిగుతుంది. పచ్చగా మెరిసే తల, రాగిరంగు రెక్కలు ఉన్న జపనీస్ బీటిల్. అమెరికాలో దీన్ని మొదటిసారి గుర్తించింది న్యూజెర్సీలోనే, 1916లో, రివర్టన్ దగ్గరి ఒక నర్సరీలో. మందార కుటుంబపు ఆకులంటే దానికి ప్రీతి. గోంగూర, బెండ రెండూ ఆ కుటుంబానివే. ఆకు ఈనెలు మాత్రం మిగిల్చి జల్లెడ చేసి పోతుంది. మందు కొట్టకుండా దాన్ని తగ్గించే ఉపాయం తేలికైనదే. తెల్లవారుజామున చలికి మందకొడిగా ఉన్నప్పుడు సబ్బునీళ్ళ గిన్నె కిందపెట్టి ఆకు తడితే చాలు, అందులో పడిపోతాయి. సెలవుల్లో ఈ కొలువు పిల్లలది.

పెద్దవాళ్ళను నిజంగా తికమకపెట్టేది మాత్రం చిక్కుడు. ఆగస్టుకల్లా తీగ పందిరంతా కమ్ముకుంటుంది, ఒక్క పువ్వు ఉండదు. ఎరువు ఎక్కువైందా, నీళ్ళు ఎక్కువయ్యాయా అని తాతయ్య నేలను పరీక్షిస్తాడు. తప్పు నేలది కాదు, వెలుగుది. నాటు చిక్కుడు పగలు కుదించుకుపోతేగానీ పూయదు. జూన్ మూడోవారంలో గుంటూరులో పగలు దాదాపు పదమూడు గంటలైతే ఎడిసన్‌లో పదిహేను గంటలు. సెప్టెంబరు గడిచేసరికి తీగ పూతకు సిద్ధమవుతుంది, అక్టోబరు ఫ్రాస్ట్ దాన్ని కాపు పట్టనివ్వదు. తెలుగునాట ఇదే చిక్కుడు చలికాలమంతా కాసి, రథసప్తమికి కాయలతో రథం చేయడానికి, ఆకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టడానికి అందుతుంది. ఆ రోజుకు న్యూజెర్సీ పెరడు మంచు కింద ఉంటుంది. కుండీలో, కిటికీ పక్కన ఒక మొక్కను బతికించుకుంటే తప్ప ఆకు దొరకదు. పగటి పొడవుతో పనిలేకుండా కాసే పొట్టి రకాలు ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ తయారుచేసిన అర్కా జయ్ అలాంటిదే. అది వేసుకున్నవాళ్ళకు కాయలు దక్కుతాయి.

గోంగూరదీ ఇదే స్వభావం గానీ, దానివల్ల మేలే. పూతకు పోదు కాబట్టి వేసవంతా కోసినకొద్దీ ఆకు వేస్తూనే ఉంటుంది.

డాలస్ వైపు లెక్క వేరు. అక్కడ టమాటా మార్చిలోనే నాటాలి. జులై రాత్రుల వేడికి పూత రాలిపోతుంది. బెండ, బీర, గోంగూర మాత్రం ఆ ఎండలో విజృంభిస్తాయి.

ఆగస్టులో కోత మొదలైతే ఆపడం కష్టం. బెండ రోజు మార్చి రోజు కోయకపోతే ముదిరిపోతుంది. సొర లేతదో కాదో గోరు గుచ్చి చూస్తారు. బీరకాయ కూరకు, పొట్టు పచ్చడికి. దోసకాయ పప్పులోకి కొంత, ఆవ పెట్టి కొంత. గోంగూర నూనెలో మగ్గించి సంచుల్లో కట్టి ఫ్రీజర్ నింపుతారు. మిగిలినవి గుడికి, పక్కింటివాళ్ళకు, ఆఫీసుకు వెళతాయి. పందిరి చూడడానికి వచ్చి, సొరకాయతో తిరిగి వెళ్ళిన పొరుగువాళ్ళు మరుసటి ఏడు గింజలు అడగడం మామూలే.

గింజల సంగతి జాగ్రత్తగా చూసుకోవలసిందే. ఇండియా నుంచి విత్తనాలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, విమానాశ్రయంలో చెప్పాలి. కరివేపాకు మీద ఆంక్షలు ఇంకా గట్టివి. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే చిన్న పురుగు దాని మీద బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియాల క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఆ మొక్కను ఇష్టమొచ్చినట్టు బయటికి పంపకూడదు. ఈ నిబంధన పాటించడం తోట ఉన్న ప్రతి ఇంటి బాధ్యత. దొరికే మార్గాలు లేకపోలేదు. అమెరికాలోనే మన కూరగాయల విత్తనాలు అమ్మేవాళ్ళున్నారు, తీగకు ముదరనిచ్చిన ఒక్క బీరకాయ పది ఇళ్ళకు సరిపడా గింజలిస్తుంది.

అక్టోబరులో ఫ్రాస్ట్ హెచ్చరిక ఫోనులో మోగిన సాయంత్రం అందరూ పెరట్లోనే ఉంటారు. పండని టమాటాలన్నీ బుట్టల్లోకి వస్తాయి, పచ్చి టమాటా పచ్చడికి. అంతకు వారాల ముందే, రాత్రులు పది డిగ్రీలకు దిగడం మొదలైనప్పుడే, కరివేపాకు కుండీ ఇంట్లోకి చేరి ఉంటుంది. అక్టోబరులోనే పెద్దవాళ్ళ తిరుగు ప్రయాణం.

మళ్ళీ మార్చిలో నారు పోసేది పిల్లలే. గుంటూరులో పొద్దుపోయే వేళ వాట్సాప్ వీడియోలో కప్పులు ఒక్కొక్కటీ కెమెరాకు దగ్గరగా పెట్టి చూపిస్తారు. "కాడలు సన్నగా సాగిపోతున్నాయి కన్నా, దీపం కాస్త కిందికి దించు, నీళ్ళు రెండు రోజులు ఆపు" అని తాతయ్య అక్కణ్ణుంచే చెబుతాడు.