అంతశ్శుద్ధి

కృష్ణానది సముద్రాన్ని చేరబోయే ముందు, కుడిగట్టున రేపల్లెకు చేరువలో ఉన్న గ్రామం పెనుమూడి. ఆవలి గట్టున పులిగడ్డ. ఒకనాడు ఈ రెండు ఊళ్లనూ కలిపినవి పడవలు. నేడు వారధి కలుపుతున్నది. 216వ జాతీయ రహదారి ఆ వారధి మీదుగానే సాగుతుంది. పెనుమూడి రేవుకు స్నానార్థులు ఇప్పుడు వాహనాల మీదనే ఎక్కువగా వస్తారు. నది మనిషి దేహమాలిన్యాన్ని కడుగుతుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం రేవులోని ఇసుక, తడిబట్టల నీరు, పసుపు కుంకుమల మరకలు, పులిహోర మెతుకులు కారులో మిగిలిపోతాయి. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాల వంటి పర్వదినాలలో ఈ మాలిన్యం మరింత అధికం.

కారు పైనున్న దుమ్ము పదిమంది కంటా పడుతుంది. కనుకనే దానిని ప్రతిదినమూ తుడుస్తారు. లోపలి మురికి కూర్చున్నవారి పాదాల కిందనే దాగి ఉంటుంది. దానిని తొలగించడం సామాన్యమైన పనిగా తోచినా అందులోనూ ఒక క్రమం ఉన్నది. మొదట సామాను అంతా బయటికి తీయాలి. పైకప్పుతో ఆరంభించి కిందికి రావాలి; లేనిచో పైనుండి రాలిన దుమ్ము శుభ్రమైన చోటును మళ్లీ మైలపరుస్తుంది. నీరు తగలకముందే ఇసుకను దులిపి, వాక్యూం క్లీనర్‌తో పీల్చివేయాలి. పొడి ఇసుక సులభంగా వదులుతుంది. తడిసిన ఇసుక బురదయై తివాచీ నేతలోనికి దిగిపోతుంది. రాపిడితో పోగులను కోస్తుంది. పాలు ఒలికితే చల్లని నీటితోనే తుడవాలి. వేడినీరు పోసినచో పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక స్థిరపడుతుంది. ఏ మాలిన్యానికి ఏ ఉపాయమో తెలియడమే ఈ పనిలోని విద్య.

ఇదంతా నిత్యజీవితంలోని మురికి. వరద తెచ్చే మురికి వేరు. 2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. బుడమేరు పొంగి విజయవాడలో అనేక కాలనీలను ముంచివేసింది. దిగువన కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె ప్రాంతాల లంకగ్రామాలు వరద తాకిడికి గురయ్యాయి. మునిగిన ఇళ్లతో పాటు వేలాది వాహనాలు బురదపాలయ్యాయి. ఆటో నడిపి పిల్లలను చదివించే కుటుంబానికి, అద్దెకారు మీద ఆధారపడిన ఇంటికి ఆ వాహనం విలాసవస్తువు కాదు. అన్నం పెట్టే చేయి. అందుచేతనే ప్రభుత్వం ఆ వరదసాయంలో ద్విచక్ర వాహనానికి 3 వేలు, ఆటోకు 10 వేల రూపాయల చొప్పున ప్రకటించింది. సమగ్ర బీమా చేసినవారికి నష్టపరిహారం లభిస్తుంది. మూడవ పక్షానికి మాత్రమే వర్తించే బీమా ఉన్నవారికి వరదనష్టం తమదే.

నీట మునిగిన కారు విషయంలో మొదట కావలసింది నిగ్రహం. ఇంజను పనిచేస్తున్నదో లేదో చూద్దామని తాళం తిప్పినవారు నష్టాన్ని ఇనుమడింపజేసుకుంటారు. ముందుగా బ్యాటరీ తీగను విడదీయాలి. గాలిసంచుల తీగలు సీట్ల కిందనే ఉండవచ్చు. కనుక సీట్లు ఊడదీసే పని నేర్చిన మెకానిక్ చేతనే చేయించాలి. సీట్లు తీసిన తరువాత తివాచీని పైకెత్తితే అసలు స్థితి బయటపడుతుంది. పైభాగం ఆరినట్లున్నా, కింది మందపాటి పొర స్పంజివలె నీటిని పట్టి ఉంటుంది. ఒండ్రుమట్టి పట్టాల సందుల్లోనూ తీగల అతుకుల్లోనూ పేరుకొని ఉంటుంది. ఒకటి రెండు రోజులలోనే బూజు పుట్టడం మొదలవుతుంది. బూజు కణాలు గాలిలో కలిసి ఉబ్బసం ఉన్నవారిని బాధిస్తాయి.

అందువల్ల తివాచీని పూర్తిగా బయటికి తీసి, నీరు తేటగా దిగేంతవరకు కడగాలి. నేలరేకు అడుగునున్న రబ్బరు మూతలు తీసి బురదనీటిని వదలాలి. సీటు బెల్టును చివరంటా లాగి, తేలికపాటి సబ్బునీటితో తుడిచి, ఆరిన పిదపనే వదలాలి. ఘాటైన రసాయనాలు దాని పోగులను బలహీనపరుస్తాయి. ప్రాణం కాపాడవలసిన పట్టీ అది. ఏసీలోని గాలి వడపోత కాగితాన్ని మార్చివేయాలి. మురుగునీటిలో నానిన ఫోమును బాగుచేయడం కంటే పారవేయడమే మేలు. ఇక అన్నింటికన్నా దీర్ఘమైన పని ఆరబెట్టడం. కృష్ణాడెల్టాలో వానకాలపు గాలి తేమతో నిండి ఉంటుంది. తలుపులు తెరచి, ఫ్యాను పెట్టి, ఎండ వచ్చినప్పుడల్లా ఎండనిచ్చి రోజుల తరబడి వేచి ఉండాలి. తొందరపడి తివాచీ పరచినవాడు బూజుకు పాన్పు పరచినవాడే.

ఈ ఓర్పు లేనివారికి ఒక అడ్డుదారి ఉన్నది. కొత్త సీటు తొడుగులు, డాష్‌బోర్డు మీద మెరుపునిచ్చే నూనె, అద్దం వద్ద ఒక పరిమళపు సీసా. పైన పటారం, లోన లొటారం! అటువంటి కారు తరచుగా దూరప్రాంతపు అంగడిలో అమ్మకానికి నిలుస్తుంది. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను తరువాత మునిగిన కార్లు ఇలాగే ఇతర రాష్ట్రాలకు చేరాయి. అక్కడ పలు రాష్ట్రాలలో వాహనం మునిగిన సంగతిని యాజమాన్య పత్రంలో నమోదు చేసే నియమం ఉన్నది; అయినా మోసం ఆగలేదు. 2015 డిసెంబరులో చెన్నై వరదలలోనూ వేలాది కార్లు మునిగాయి. పాత కారు కొనేవారు పరిమళాన్ని కాక సీటు పట్టాల తుప్పును, బెల్టు చివరి మరకను, అదనపు చక్రం ఉంచే గుంటలోని మట్టిని చూడాలి. దాచిన తేమ తీగలను తినివేసి, ఏదో ఒక రాత్రి నడిరోడ్డుపై వాహనాన్ని నిలిపివేయవచ్చు. ఆ వేళ అందులో ఉండేది అమ్మినవాడు కాదు. నమ్మి కొన్నవాడి కుటుంబం.

పెట్రోలు బంకుల పక్కన, షెడ్లలో రోజంతా బ్రష్షు పట్టి మోకాళ్లపై వంగి పనిచేసే శ్రామికులను సమాజం అంతగా గుర్తించదు. తివాచీ కిందికి చూడని యజమాని ముందు కూడా ఆ తివాచీని ఎత్తి కడిగే పనివాని నిజాయితీ గొప్పది. ఎవరూ పరీక్షించని చోట చేసిన పనిలోనే మనిషి శీలం తెలుస్తుంది. శుభ్రత అంటే మెరుపు కాదు, మురికిని కప్పిపుచ్చడం అంతకన్నా కాదు. ఉన్న మాలిన్యాన్ని ఉన్నట్లుగా చూచి, దానిని తొలగించి, పూర్తిగా ఆరేవరకు వేచి ఉండడమే శుభ్రత. వాహనానికైనా, వ్యవహారానికైనా అంతశ్శుద్ధియే నిజమైన శుద్ధి.