బొగ్గుబాయియు బాలికల చదువును

గోదావరిఖనిలో తండ్రి రాత్రి షిఫ్టు చేసివచ్చి నిద్రించుచుండ, పిల్లలు పెదవి కదపకయే పాఠము చదువుకొందురు. ఆ మౌనమున మాకును మా అన్నదమ్ములకును భేదము లేదు. పదవ తరగతి దాటినంతనే కొన్ని యిండ్లలో కొడుకునకు కళాశాలయు, కూతునకు పెండ్లిమాటలును మొదలగును. “ఆడుపిల్ల బాయిలో దిగునా?” యని పెద్దల ప్రశ్న.

1952 నాటి గనుల చట్టము స్త్రీలకు భూగర్భమున పని నిషేధించిన మాట నిజమే. కాని 2019లో కేంద్రప్రభుత్వము దానిని సడలించెను. సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక పదవులలో, వ్రాతపూర్వకమైన సమ్మతితో, ఉదయము 6 మొదలు రాత్రి 7 గంటలలోపల స్త్రీలును దిగవచ్చునని నాడు అనుమతించెను. ఆ పదవులకు చదువే మెట్టు. చట్టము తెఱచిన తలుపును ఇంటివారే మూయుట న్యాయమా? తండ్రులారా! మీరు త్రవ్విన బొగ్గు రామగుండములో విద్యుత్తగుచున్నది. మీ కూతుండ్ర చదువు నడుమ నార్పకుడు.