విస్కీ గది గోడకు మన తీరం బొమ్మ

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు కొందరు పూజగది, వంటగదితోపాటు ఇప్పుడు మరో గది కూడా అడుగుతున్నారు. నాలుగు ఎత్తు కుర్చీలు, చిన్న కౌంటరు, అద్దాల బీరువాలో విస్కీ సీసాలు... ముద్దుగా 'హోమ్ బార్'! అన్నీ అమరాక గోడ మాత్రం బోసిగా కనిపిస్తుంది. స్కాట్లాండు కొండల ఫొటోనో, పాత విస్కీ ప్రకటననో తెచ్చి తగిలిస్తారు. నెల్లూరు తీరం వెంట ఒక్కసారి తిరిగొస్తే ఆ అవసరం లేదనిపిస్తుంది. ఒకప్పుడు దొరల ఇళ్ల గోడలకు బొమ్మలు పంపింది ఈ కోరమాండల్ తీరమే మరి!

వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున దుగరాజపట్నం ఉంది. 1626లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. సాయం చేసిన ఆర్ముగం మొదలియారు పేరు మీద దాన్ని 'ఆర్మగాన్' అన్నారు. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1613లోనే గెల్డ్రియా కోట కట్టుకున్నారు. అందరూ వచ్చింది బట్టల కోసమే. ఆర్మగాన్‌లో సరుకు సరిగా దొరక్కపోవడంతో ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో చోటు సంపాదించాడు. అలా ఇక్కడి రేవు వెలవెలబోయింది, అక్కడ మహానగరం వెలిసింది.

ఈ తీరం అద్దకాలంటే ఐరోపా పడిచచ్చింది. మంచాల మీద, గోడల మీద ఇవే! వాటి దెబ్బకు తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1701 నుంచి నిషేధాలు పెట్టాయి. అప్పటి 'పాలంపోర్'లు ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గుట్ట మీంచి మెలికలు తిరుగుతూ లేచే చెట్టు, కొమ్మకో రకం పువ్వు, పిట్టలు... అదే జీవవృక్షం.

ఆ కళ శ్రీకాళహస్తిలో బతికే ఉంది. బట్టను కరక్కాయ, పాలలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి నల్లరంగు తీస్తారు. వెదురు కలంతో గీస్తారు. పారే నీళ్లలో ఉతుకుతారు. శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి, వాకాడు మీదుగా వచ్చి ఈ తీరంలోనే సముద్రంలో కలుస్తుంది. ఈ కళకు పేరు తెచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

అయితే ఒక చిక్కుంది. కాళహస్తి కలంకారీ అంటే ఎక్కువగా రామాయణం, భారతం. శ్రీరామ పట్టాభిషేకం ముందు గ్లాసులు మోగిస్తామంటే ఇంట్లో పెద్దలు ఊరుకుంటారా? అందుకే విస్కీ గదికి జీవవృక్షమో, నెమళ్లో అడగండి. పులికాట్ ఫ్లెమింగోలు వేసివ్వమన్నా బాగుంటుంది.

కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. రంగు బట్టలోకి ఇంకి ఉండాలి. గీతలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అది చేతిపని కాదేమోనని అనుమానించండి. ఎండ తగిలే గోడ వద్దు, రంగులు వెలుస్తాయి. అద్దం బిగిస్తే బట్టకూ అద్దానికీ మధ్య సందు ఉంచండి. సముద్రపు చెమ్మకు బూజు పడుతుంది.

ఇంకో మాట. 1992లో సారాకు ఎదురుతిరిగిన దూబగుంట రోశమ్మది ఈ జిల్లానే. చదువుల బడిలో మొదలైన ఆ ఆడవాళ్ల పోరు రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా, 1995లో మొత్తం మద్యమే ఆగాయి. 1997లో మద్యనిషేధం సడలినా ఆ పోరు మాత్రం జనం మరిచిపోలేదు. అందుకే గోడ మీద ఏ బొమ్మ ఉండాలో ఇంటావిడనే తేల్చమనండి. అసలు ఆ గదే వద్దంటే జీవవృక్షం హాల్లోనూ చక్కగా ఉంటుంది!

ఎలా వెళ్లాలి?: నెల్లూరు నుంచి చెన్నై రహదారిలో సుమారు 70 కిలోమీటర్లు వెళితే నాయుడుపేట. అక్కడి నుంచి పడమరకు శ్రీకాళహస్తి, తూర్పున తీరం వైపు వాకాడు, దుగరాజపట్నం. చలికాలమైతే పులికాట్ పక్షులనూ చూసి రావచ్చు.