పాత తరహా కొత్త బాణీ

గ్లాస్గోలో మా అబ్బాయి నేర్చుకునే పైప్ బ్యాండులో ఒక బాణీ మీద తగాదా నడుస్తోంది. బ్యాండు పెద్దాయన పాత తరహాలో కట్టిన కవాతు బాణీ అది. నాలుగు భాగాలు, భాగానికి ఎనిమిది బార్లు. మూడో భాగం తీసేద్దామని, నాలుగో దాంట్లో ఒక స్వరం మారుద్దామని కుర్రాళ్లు. సంప్రదాయం జోలికి రావద్దని ఆయన.

అసలు రుచంతా ఆ స్వరం దగ్గరే ఉంది. బ్యాగ్‌పైప్‌కి ఉన్నవి తొమ్మిదే స్వరాలు. మన లెక్కలో మంద్ర నిషాదం నుంచి తార షడ్జం దాకా. మూడు శ్రుతి గొట్టాలు షడ్జం పట్టుకుని ఆగకుండా మోగుతుంటే, వాయించే గొట్టం మీద పలికేది దాదాపు మన హరికాంభోజి. తిత్తిలోంచి గాలి ఆగదు కాబట్టి మధ్యలో నిశ్శబ్దం లేదు, గట్టిగా మెల్లగా అన్న తేడా లేదు. ఒకే స్వరం రెండుసార్లు వినిపించాలన్నా నడుమ వేరే స్వరాన్ని చటుక్కున తగిలించాల్సిందే. ఇప్పుడు కుర్రాళ్లు అడుగుతున్నది అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం. వేళ్లు మామూలు వరుసలో కాకుండా మూస్తే అదీ పలుకుతుంది, బాణీకి ఖరహరప్రియ ఛాయ వస్తుంది. స్కాట్లండ్ పైపర్ గోర్డన్ డంకన్ (1964–2005) ఇలాంటి పోకడలకే పెద్దల చీవాట్లు తిన్నాడు. ఇవాళ ఆయన బాణీలు బ్యాండ్లు ఇష్టంగా వాయించుకుంటున్నాయి.

ఈ తగాదా చెవిలో పెట్టుకునే, మేనకోడలి పెళ్లి బట్టల కోసం హైదరాబాదు పాతబస్తీ పత్తర్‌గట్టిలో తిరిగాను. మదీనా నుంచి చార్‌కమాన్ వైపు నడిచేవాళ్లలో చాలామంది ఆ రాతి కమాన్లు 1591 నాటి చార్మినార్ ఈడువే అనుకుంటారు. కాదు. 1908లో మూసీ ఊరిని ముంచేశాక, 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి బోర్డు చేపట్టిన పనుల్లో లేచిన దుకాణాల వరుస అది. అంటే అదీ పాత తరహా కొత్త బాణీయే! కమాన్ల కింద అద్దాల తలుపులొచ్చాయి, ఏసీలొచ్చాయి, వాటికి నాకేం అభ్యంతరం లేదు. కమాను మొహం కప్పేసే బోర్డులు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ వరుస కనబడకపోతే అది ఏ ఊళ్లోనైనా ఉండే బట్టల బజారే.

బాణీకి అలాంటి వరుస శ్రుతి, నడక. గాంధారం మారినా షడ్జం మీద శ్రుతి చెడదు, కాళ్లు తడబడవు. కాబట్టి స్వరం మార్పుకి నా ఓటు. మూడో భాగం తీయడానికి మాత్రం ఒప్పుకోను. తార షడ్జానికి ఎక్కేది ఆ భాగమే, అది పోతే నాలుగోది ఎక్కణ్నుంచి దిగుతుంది? ఇక సంప్రదాయం అంటారా, రెండు భాగాల పాత బాణీలకి తర్వాతివాళ్లు మరో రెండు కట్టి కలపడం కూడా ఆ సంప్రదాయమే.

పెళ్లినాడు బరాత్‌లో మర్ఫా మోగింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకొచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు హైదరాబాదుకిచ్చిన వాయిద్యం. ఇప్పుడు పక్కనే స్పీకరు, అందులో సినిమా పాట. పాత దెబ్బ ఎలా ఉండేదని మేళంలోని పెద్దాయన్ని అడిగాను. "నువ్వు అడుగుతున్నవ్ గని భాయ్, గప్పుడు ఎవరన్న రాసి పెట్టిన్రా?" అన్నాడు.

స్కాట్లండులో ఆంగస్ మెకే పాత పైప్ బాణీలను 1838లోనే అచ్చు వేయించాడు. ఏది పాతదో, ఎవరేం మార్చారో పుస్తకం తెరిచి పోట్లాడుకోవచ్చు. మర్ఫాకి ఆ పోట్లాటకి కూడా ఆధారం తక్కువ. పాతబస్తీలో, బార్కస్‌లో, ఏసీ గార్డ్స్‌లో పెళ్లికి వెళ్తే సినిమా పాట మొదలయ్యేలోపే ఫోన్ తీయండి. వాయించేవాళ్లని అడిగి, ఒప్పుకుంటే పూర్తిగా రికార్డు చేయండి. వాళ్ల పేర్లు, వీధి, తేదీ రాసి పెట్టండి. ఆ తర్వాత ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోనివ్వండి.