కొండలే కాపలా, కొండలే అడ్డు

విశాఖపట్నం గాలి సంగతి తెలియాలంటే జనవరిలో పొద్దున ఆరున్నరకు రాస్‌హిల్ ఎక్కాలి. వన్ టౌన్‌లో ఆటో దిగి పైకెక్కి చర్చి పక్కన నిలబడితే, కింద ఓడలు లోపలికొచ్చే కాలువ, దానికవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. నేనెక్కిన రోజు ఆ కొండ నెత్తి తేటగా ఉంది. నడుం నుంచి కిందికి మాత్రం బూడిదరంగు పొర. పడమట లోపలి హార్బర్‌లో క్రేన్ల పైభాగాలే కనిపిస్తున్నాయి. అటువైపు ఓ చిమ్నీ పొగ కొంత ఎత్తు లేచి, ఆపైన లేవలేక సముద్రం వైపు బద్ధకంగా పరుచుకుంది.

ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస. దక్షిణాన యారాడ కొండలు. తూర్పున బంగాళాఖాతం. పడమట ఒకప్పుడు ఆటుపోట్లకు మునిగే ఉప్పునేల. ఈ నడిమి పల్లాన్ని కాలుష్యం మీద రాసేవాళ్లంతా ‘బౌల్ ఏరియా’ అంటారు. తుపానులకు అడ్డుగా డాల్ఫిన్స్ నోస్ ఉండబట్టే దాని చాటున 1933లో రేవు తెరిచారు. రేవు ఉంది కాబట్టి 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం వచ్చాయి. ఓడలకు కాపలా కాసిన కొండే పొగకూ అడ్డం నిలుస్తుందని అప్పట్లో ఎవరు పట్టించుకున్నారు? దేశంలో వాతావరణ శాస్త్రాన్ని పాఠంగా చెప్పిన తొలి విశ్వవిద్యాలయాల్లో ఒకటి ఈ ఊళ్లోనే ఉంది మరి!

మామూలుగా నేల దగ్గర గాలి వేడిగా, పైకి పోయేకొద్దీ చల్లగా ఉంటుంది. వేడిగాలి లేస్తూ పొగను వెంట తీసుకుపోతుంది. చలికాలపు రాత్రి మబ్బు లేకపోతే నేల తొందరగా చల్లారి, దాన్ని అంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. వెచ్చటి గాలి దాని పైన ఉండిపోతుంది. గిన్నెకు మూత పడ్డట్టే. ఎండ పొడిచి నేల వేడెక్కేదాకా ఆ మూత లేవదు. కొండ మీంచి నేను చూసిన పొర అదే.

కొండ దిగి రేవు పక్కనున్న జ్ఞానాపురం వెళ్లాను. ఓ ఇంటి డాబా మీద పెద్దావిడ చీపురు పట్టుకుని ఉంది. కిటికీ ఊచ మీద వేలు రాసి చూపించింది. నల్లటి పొడి, దాని కింద తుప్పు. “పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ ఇంతే బాబూ. వానల్లో కాస్త నయం” అంది. ఆ నలుపులో ఎవరి వాటా ఎంతో వేలి మీది పొడి చెప్పదు. రేవులో దిగే బొగ్గు, ఓడలకెక్కే ఇనుప ఖనిజం, రోడ్డు దుమ్ము, లారీల డీజిల్ అన్నీ అక్కడివే. తుప్పులో సముద్రపు ఉప్పుకూ భాగముంది. తీరప్రాంతంలో ధూళి కొలిచే యంత్రానికి చిక్కేదాంట్లో కొంత ఆ ఉప్పే. అలాగని నెపమంతా సముద్రం మీదికి నెట్టకూడదు.

మధ్యాహ్నానికి ఊరే మారిపోయింది. సముద్రపు గాలి లేచి బీచ్ రోడ్డు తేటపడింది. కాని ఆ గాలి ఊడ్చుకుపోయిన పొగ ఎక్కడికి పోతుంది? లోపలికి, కొండల వైపు. రాత్రికి నేలమీంచి సముద్రం వైపు గాలి తిరిగినప్పుడు అందులో కొంత వెనక్కి వస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. సముద్రపు గాలి చల్లన. అందులో పడ్డ ఎత్తు చిమ్నీ పొగ పైకీ కిందికీ కలవక, సన్నటి పాయలా లోపలికి సాగుతుంది. కింద ఎండకు కాగిన నేల మీద గాలి సుళ్లు తిరుగుతుంటుంది. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఆ సుళ్లు ఎత్తు పెరిగి, ఒకచోట పొగను అందుకుని నేలకు దించేస్తాయి. అందుకే చిమ్నీ పక్కవాడి కన్నా దూరాన ఉన్నవాడికి ఎక్కువ ఘాటు తగలొచ్చు. చిమ్నీ ఎత్తు పెంచితే చాలనుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

నేలను అంటుకునేది చిమ్నీ పొగ ఒక్కటే కాదు. 2020 మే 7న తెల్లవారుజామున ఈ ఊరి శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఓ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది. ఊరు నిద్రలో ఉన్న వేళ నేలబారుగా పాకింది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ పేరుంది. లారీలపై పరదాలు, బొగ్గుకుప్పలపై నీటి జల్లులు మంచివే, కావలసినవే. కాని ఈ పల్లంలో ఇంకో చిమ్నీకి అనుమతి ఇచ్చేముందు చూడాల్సింది ఏడాది సగటు కాదు, జనవరి తెల్లవారుజాము లెక్క. అది మన చేతిలో లేదనుకుంటే, చేతిలో ఉన్నది ఒకటి చెప్తాను. ఆస్తమా ఉన్నవాళ్లు, ముసలివాళ్లు డిసెంబరు, జనవరిల్లో చీకటితోనే నడకకు బయల్దేరకండి. ఎండ బాగా ముదిరాక వెళ్లండి.